చెవితో ఆడిన సెంటర్ ఫీల్డర్

ఈ కేసు రాయడానికి అతని అనుమతి ఉంది. జట్టు పేరు, ఊరు, సంవత్సరం రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఒకటి రెండు వివరాలు మార్చాను. కళ్ళకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే. ఇక్కడ అతన్ని కుర్రాడు అంటాను. నా దగ్గరికి వచ్చేనాటికి వయసు 24.

నేను హైదరాబాద్‌లో ఆప్టోమెట్రీ చదివి, అమెరికా వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చదివి, ఇక్కడో చిన్న ఊళ్ళో క్లినిక్ నడుపుతున్నాను. ఊళ్ళో ఒక డబుల్-ఏ బేస్‌బాల్ జట్టు ఉంది. వాళ్ళ ఆటగాళ్ళ కంటి పరీక్షలు నా దగ్గరికే వస్తాయి. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ ఆట నాకు సగమే తెలుసు. ఆ సగం తెలివి ఈ కేసులో నన్ను ఒకసారి బాగానే ముంచింది.

నేపథ్యం

ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఒక నిచ్చెన. పైన 30 మేజర్ లీగ్ జట్లు. వాటికింద 120 మైనర్ లీగ్ జట్లు నాలుగు మెట్లుగా ఉంటాయి: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. కుర్రాడు 21 ఏళ్ళకు కాలేజీ నుంచి, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికై, ఒక్కో మెట్టూ ఎక్కుతూ డబుల్-ఏకి వచ్చాడు. 2023 ఒప్పందం తర్వాత ఆ మెట్టు మీద కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు అయింది. మేజర్ లీగ్‌లో 2025 కనీస జీతం 7,60,000 డాలర్లు. మధ్యలో ఉన్నది ట్రిపుల్-ఏ ఒక్కటే. ఆ ఒక్క మెట్టు ఎక్కలేక ఎంతమంది ఆగిపోతారో ఈ ఊళ్ళో ఉంటే తెలుస్తుంది. నాకు కారు ఇన్సూరెన్స్ చేసే ఆయన ఒకప్పుడు ఇదే జట్టుకు పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు.

కుర్రాడు సెంటర్ ఫీల్డర్. దూరంగా నిలబడే ముగ్గురు అవుట్‌ఫీల్డర్లలో నడిమివాడు, అందరికన్నా ఎక్కువ నేల చూసుకోవలసినవాడు. అక్కడ బాగా పట్టగలిగితే బ్యాట్ అంతంతమాత్రంగా ఉన్నా కెరీర్ నిలుస్తుంది. ఉదాహరణకు సెంటర్ ఫీల్డర్ కెవిన్ కీర్మయర్ 2010లో 31వ రౌండ్‌లో ఎంపికైనవాడు. ఇప్పుడైతే డ్రాఫ్ట్ మొత్తం 20 రౌండ్లే. ఆయన ఏ సీజన్‌లోనూ 20 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టలేదు. అయినా ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లోవ్‌లు నాలుగు గెలిచి 2024 దాకా ఆడాడు. అదే మనిషిని లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెడితే జట్టు అడిగే ప్రశ్నే మారిపోతుంది: ఇతను హోమ్ రన్లు ఎన్ని కొడతాడు? కుర్రాడి బ్యాటింగ్ కూడా ఆ బాపతే. సెంటర్ ఫీల్డ్ పోతే అతని దగ్గర అమ్ముకోవడానికి పెద్దగా సరుకు లేదు.

దీనికి తోడు క్యాలెండర్. ఇలా వచ్చిన ఆటగాణ్ణి కొన్నేళ్ళ తర్వాత పైనున్న మేజర్ లీగ్ జట్టు తన 40 మంది జాబితాలో చేర్చుకోవాలి. లేకపోతే డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు ఎత్తుకుపోవచ్చు. నవంబరులో ఎవరిని చేరుస్తారు, ఎవరిని వదిలేస్తారు అన్నది ఆటగాళ్ళకు పరీక్ష ఫలితం లాంటిది. కుర్రాడికి ఆ నవంబరు అదే ఏడాది. ఈ సంగతి నాకు జూన్ దాకా తెలియదు. ముందే తెలిసుంటే అతని కొన్ని జవాబులను వేరుగా వినేవాణ్ణి.

వచ్చిన సమస్య

మే రెండో వారంలో జట్టు ట్రైనర్ ఫోన్ చేశాడు. "పరుగు తగ్గలేదు, బంతికి ఆలస్యంగా బయల్దేరుతున్నాడు" అన్నాడు. అంతకుముందు ఆగస్టులో తొడ వెనక కండరం పట్టేసింది. అది మానింది. పూర్తి వేగంతో పరుగెత్తినప్పుడు అంకెలు పాతవే.

ఇప్పుడు ట్రాకింగ్ కెమెరాలు అవుట్‌ఫీల్డర్ కదలికను ముక్కలు చేసి చూపిస్తాయి. పిచర్ బంతి వదిలాక మొదటి మూడు సెకన్లలో సరైన దిశలో ఎన్ని అడుగుల దూరం వెళ్ళాడన్నది జంప్. అందులో మొదటి ఒకటిన్నర సెకను రియాక్షన్, తర్వాతి ఒకటిన్నర బర్స్ట్, ఎంత తిన్నగా వెళ్ళాడన్నది రూట్. కుర్రాడికి బర్స్ట్, రూట్ రెండూ బాగున్నాయి. రియాక్షన్ పడిపోయింది. రెండేళ్ళుగా నెమ్మదిగా పడుతూ, ఆ వసంతంలో ఒక్కసారిగా.

అప్పటికే మూడు అభిప్రాయాలు తిరుగుతున్నాయి. తొడ మళ్ళీ పట్టేస్తుందన్న భయమని ఒక కోచ్. ధ్యాస లేదు, ఫోన్లు ఎక్కువయ్యాయని ఇంకో కోచ్. కిందటేడు గోడకు గుద్దుకున్నాడు కదా, తలకు తగిలిన దెబ్బేమోనని ట్రైనర్. వారానికి రెండు రోజులు లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడించడం కూడా మొదలుపెట్టారు. కళ్ళ మాట చివరికి వచ్చింది. ఎందుకంటే ఫిబ్రవరిలో జట్టు చేసిన పరీక్షలో రెండు కళ్ళకూ 6/6 వచ్చి పాసయ్యాడు.

కుర్రాణ్ణి అడిగితే, "బంతి బ్యాట్‌కు తగిలినప్పుడు కనిపించదు డాక్, కాస్త లేచాక కనిపిస్తుంది" అన్నాడు. పగలా, రాత్రా? "రెండూ ఒకటే." మందులేమైనా? ఫారంలో "లేవు" అని రాశాడు. ఈ రెండు జవాబులూ తప్పే. అబద్ధాలు కావు, తప్పులు.

మొదటి పరీక్షలో నా ఆలోచన

ముందు ప్రమాదకరమైనవి తీసెయ్యాలి. తల దెబ్బ తర్వాత రెండు కళ్ళూ కలిసి పనిచేయడం, కదిలే వస్తువును వెంబడించడం, తల తిప్పుతున్నా చూపు నిలవడం దెబ్బతినొచ్చు. అవన్నీ చూశాను, శుభ్రంగా ఉన్నాయి. తర్వాత కుడి కంట్లో 0.75 సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే మసక) కనిపించింది. పాత రికార్డులో లేదు. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు కళ్ళు నులుముకున్నాడు. కళ్ళు నులుముకునే కుర్రాడు, కొత్తగా పెరిగిన సిలిండర్. హైదరాబాద్‌లో చదువుకున్నవాడికి వెంటనే కెరటోకోనస్ గుర్తొస్తుంది. మన ఎండల్లో, దుమ్ములో ఎలర్జీతో కళ్ళు నులిమి నులిమి నల్లగుడ్డు ముందు పొర పలచబడిన పిల్లల్ని వరసగా చూశాం. టోపోగ్రఫీ తీశాను. పొర మందం, ఆకారం మామూలే. ఊపిరి పీల్చుకున్నాను.

ఇక మిగిలింది ఇంత చిన్న పవర్‌తో ఇంత నష్టం ఎలా అన్న ప్రశ్న. 1990ల్లో లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్ ఆటగాళ్ళ కళ్ళు పరీక్షించినప్పుడు సగటు చూపు 20/13 దగ్గర వచ్చింది. మన లెక్కలో 6/4. అంటే మనకు పూర్తి మార్కులైన 6/6 ఈ ఆటలో క్లాసులో చివరి బెంచీ.

ఇంకో లెక్క వేశాను. సెంటర్ ఫీల్డర్ బ్యాటర్‌కు దాదాపు 320 అడుగుల దూరంలో, అంటే 97 మీటర్ల దగ్గర నిలబడతాడు. బేస్‌బాల్ వ్యాసం 7 సెంటీమీటర్ల పైచిలుకు. అంత దూరం నుంచి బంతి కంటికి చేసే కోణం మూడు ఆర్క్ నిమిషాల లోపే (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). చేయి చాపి వేలి కొసన ఒక రవ్వ పలుకు పెట్టుకుంటే ఎంత కనిపిస్తుందో అంత. మన చార్ట్‌లో 6/6 వరుస అక్షరం కోణం ఐదు నిమిషాలు. పైగా చార్ట్‌లో అక్షరం నల్లగా, వెనక తెల్లగా, కదలకుండా ఉంటుంది. అతను చూడాల్సింది తెల్ల చొక్కాల జనం ముందు కదిలే తెల్ల రవ్వ పలుకును.

ఇక్కడే సగం తెలివి నన్ను ముంచింది. "కళ్ళే కారణమైతే బ్యాటింగ్ కూడా పోవాలి కదా, అది బాగానే ఉందే" అనుకున్నాను. గంటకు 95 మైళ్ళ బంతి పిచర్ చేతి నుంచి బ్యాటర్‌ను చేరడానికి 0.4 సెకన్లే పడుతుంది. దాన్ని కొట్టగలవాడికి చూపు లోపమా అని. అందుకే పవర్ చిన్న విషయంగా తీసుకుని, దిద్దేస్తే సరిపోతుందనుకుని, లోతుకు పోలేదు.

ట్రైనర్‌తో ఈ మాట అంటే నవ్వాడు. ప్రతి స్టేడియంలోనూ సెంటర్ ఫీల్డ్ వెనక, బ్యాటర్ చూపుకు ఎదురుగా, ముదురు ఆకుపచ్చదో నల్లదో ఖాళీ గోడ ఉంటుంది. బ్యాటర్స్ ఐ అంటారు. క్రికెట్‌లో సైట్ స్క్రీన్ లాంటిదే. తెల్ల బంతి దాని ముందు దీపంలా కనిపిస్తుంది. బ్యాటర్‌కు వెనక తెర కట్టి ఇచ్చారు. ఫీల్డర్‌కు ఎవరూ కట్టలేదు. పైగా పిచర్ బంతి వేసే దూరం 60 అడుగుల ఆరంగుళాలే. ఒకే కన్ను ఒక పనికి సరిపోయి ఇంకో పనికి సరిపోకపోవడంలో వింతేమీ లేదు. సైట్ స్క్రీన్ చూస్తూ పెరిగినవాణ్ణి, నాకే తట్టాల్సింది.

అప్పుడు ట్రాకింగ్ అంకెలను గంటలవారీగా విడదీసి ఇమ్మన్నాను. పగటి ఆటల్లో రియాక్షన్ దాదాపు పాతదే. రాత్రి ఆటల్లో తొమ్మిది ఇన్నింగ్స్‌లో మూడోదాని నుంచి ఐదో దాకా, అంటే పొద్దు గుంకే వేళ, బాగా తక్కువ. పూర్తిగా చీకటి పడి లైట్లు పట్టు చిక్కాక మళ్ళీ కాస్త మెరుగు. ఒక ఆటలో సెంటర్ ఫీల్డర్‌కు వచ్చేవి కొన్ని బంతులే, కాబట్టి ఈ అంకెల మీద ఒట్టేసి చెప్పలేను. కానీ కారణం మాత్రం కుదిరింది. ఎండలో కంటిపాప చిన్నదై సూదిబెజ్జంలా పనిచేస్తుంది, సిలిండర్ దాక్కుంటుంది. మసక వెలుతురులో పాప విచ్చుకుంటుంది, మసకతనమంతా బయటపడుతుంది. ఫిబ్రవరి పరీక్ష పొద్దున పదింటికి, వెలుతురున్న గదిలో చేశారు.

చేసినవి, పారనివి

మొదట నెలవారీ టోరిక్ (సిలిండర్ దిద్దే) కాంటాక్ట్ లెన్స్ ఇచ్చాను. క్లినిక్‌లో కుడి కన్ను 6/5 చదివింది. కుర్రాడు సంతోషంగా వెళ్ళాడు. మూడు వారాలు "బాగుంది డాక్" అంటూనే ఉన్నాడు. మైదానంలో అంకెలు కదల్లేదు. నాలుగో వారం రమ్మంటే లెన్స్ డబ్బా, సొల్యూషన్ సీసా పట్టుకొచ్చాడు. సీసా సీలు తీయలేదు. మూడో ఇన్నింగ్స్‌కల్లా కన్ను గరగరలాడి, ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో తీసి పారేసేవాడట. నాలుగు రోజుల తర్వాత పెట్టుకోవడమే మానేశాడు. "మరి చెప్పలేదేం?" అంటే, "లెన్స్ పడలేదని రాస్తే అది జట్టు ఫైల్లోకి వెళ్తుంది" అన్నాడు. ఆ రోజే నవంబరు సంగతి మొదటిసారి విన్నాను.

దీని గురించి కొంచెం ఆగాలి. నా బిల్లు కట్టేది జట్టు. కుర్చీలో కూర్చునేది కుర్రాడు. ఏది ఎవరికి చెప్తానో మొదటి రోజే మాట్లాడుకోవలసింది, మాట్లాడలేదు. ఆ సాయంత్రం ముగ్గురం, నేనూ అతనూ ట్రైనరూ, కూర్చుని తేల్చుకున్నాం: ఆడటానికి పనికొస్తాడా లేదా, ఏం వాడుతున్నాడు, ఇవి జట్టుకు వెళ్తాయి. నా ఊహలు, అతని భయాలు వెళ్ళవు. ఆ తర్వాతే అతను నిజంగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

చేతిలో పట్టుకునే స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే పరికరం) తీసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్ళాను. లెన్స్ పెట్టించి, పావుగంట పైకి చూస్తూ బంతులు పట్టించి, అక్కడే చూశాను. లెన్స్ ఎండి, 15 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంది. టోరిక్ లెన్స్ అంత తిరిగితే సగం దిద్దుబాటు పోయినట్టే. క్లినిక్‌లో అతను ఎదురుగా చూస్తూ కూర్చుంటాడు. మైదానంలో ఆకాశం వైపు చూస్తూ గాలికి ఎదురు పరుగెత్తుతాడు. నేను లెన్స్‌ను పరీక్షించింది కుర్చీలో.

రెండోది స్పోర్ట్స్ గాగుల్స్. రెండు రోజులు. చెమటకు ఆవిరి పట్టింది, తలెత్తితే ఫ్రేము అంచు సరిగ్గా బంతి దారిలో అడ్డొచ్చింది. మూడో రోజు బ్యాగులోంచి తియ్యలేదు. దీనిమీద ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

మూడోది నేను చెయ్యనిది. అతని ఏజెంట్ లేజర్ ఆపరేషన్ చేయించేద్దామన్నాడు. ఎందుకు వద్దన్నానో రాయాలి, ఎందుకంటే ఇలాంటి చోట వద్దనడం కష్టం. పవర్ చిన్నది. సీజన్ మధ్యలో మానేలోపు పోయే వారాలు మళ్ళీ రావు. అన్నిటికన్నా ముఖ్యంగా, అతని కన్నీటి పొర రెప్ప వేసిన ఐదు సెకన్లకే చెదిరిపోతోంది. పది సెకన్లయినా నిలవాలి. లేజర్ తర్వాత కొన్ని నెలలు కళ్ళు ఇంకా పొడిబారడం మామూలు. ఎండిన కంటి మీద లేజర్ పెడితే ఉన్న సమస్యకు ఇంకో సమస్య తోడవుతుంది. ఏజెంట్‌కు నా మాట నచ్చలేదు. ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను, తీసుకెళ్ళాడు. ఆయనా ఆగమన్నాడు.

కానీ 24 ఏళ్ళవాడికి కళ్ళు అంతలా ఎందుకు ఎండుతున్నాయి? ఆ ప్రశ్న వేసుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

గులాబి మాత్ర

డబుల్-ఏ సీజన్ 138 ఆటలు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు రోజులు ఒకే ఊళ్ళో, సోమవారం సెలవు. ఆ సెలవులో సగం బస్సులోనే పోతుంది. మాటల్లో, "బస్సులో నిద్రెలా పడుతుంది?" అని అడిగాను. "ఆ గులాబి మాత్ర వేసుకుంటా" అన్నాడు. డైఫెన్‌హైడ్రమిన్. ఇక్కడ కిరాణా షాపులో దొరుకుతుంది, ఎలర్జీకీ వాడతారు, నిద్రకూ వాడతారు. అతను రెండిటికీ వాడుతున్నాడు. రెండేళ్ళుగా, సీజన్‌లో దాదాపు ప్రతి రాత్రి.

మందులు లేవని రాశావు కదా అంటే, అది మందా అని అడిగాడు. కోపం రాలేదు. మా ఇంట్లో కూడా తుమ్మొస్తే సిట్రిజిన్ వేసుకుని, డాక్టర్ అడిగితే "ఏం వాడట్లేదండీ" అంటారు.

ఆ మాత్ర కన్నీటిని తగ్గిస్తుంది. కంటిపాపను కొంచెం విప్పుతుంది. మర్నాటి దాకా మత్తుగా ఉంచి చురుకుతనాన్నీ తగ్గించగలదు. ఎలర్జీ, మాత్ర, ఎండిన కళ్ళు, నులుముకోవడం, నిలవని లెన్స్, మసక వేళ మసక చూపు. ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని తిరుగుతున్నాయి. నేను మధ్యలో ఒక్క లెన్స్‌ను పట్టుకుని లాగుతున్నాను.

జట్టు డాక్టర్‌తో మాట్లాడి మాత్ర ఆపించాం. ఎలర్జీకి కళ్ళలో వేసే చుక్కలు, లెన్స్ పెట్టుకోవడానికి పది నిమిషాల ముందు. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు. రోజూ రాత్రి రెప్పలకు వేడి కాపడం. నెలవారీ లెన్స్ బదులు రోజుకొకటి పారేసే టోరిక్, నిలకడ కోసం వేరే రకం డిజైన్. ఒక్కొక్కటే మార్చి ఏది పనిచేసిందో చూడాలని పుస్తకం చెప్తుంది. సీజన్ అంత టైం ఇవ్వదు. మాత్ర ఒక్కటి ముందు ఆపించి పది రోజులు చూశాను, మిగతావన్నీ కలిపి మొదలుపెట్టాను. కాబట్టి ఎవరి వాటా ఎంతో నేను చెప్పలేను.

ఈసారి పరీక్ష స్టేడియంలోనే, పొద్దు గుంకే వేళ, లేత బూడిద రంగు అక్షరాల చార్ట్‌తో. లెన్స్ గంట తర్వాత కూడా కదల్లేదు. జూలై మొదటికల్లా కుడి కన్ను ఎడమ కంటితో సమానమైంది. "బ్యాట్ కనిపిస్తోంది డాక్" అన్నాడు. ట్రైనర్‌కు మెసేజ్ పెట్టాను: కేసు అయిపోయింది.

రియాక్షన్ మాత్రం సగమే పెరిగి అక్కడే ఆగిపోయింది.

చాకిరేవు

జూలైలో ఒక సాయంత్రం టికెట్ కొనుక్కుని సెంటర్ ఫీల్డ్ వెనక కూర్చున్నాను, అతని వీపు చూస్తూ. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బ్యాటర్ ఊపాడు, బంతి లేచింది, ఆ తర్వాత నాకు "టక్" వినిపించింది. చిన్నప్పుడు మా ఊరి చెరువు గట్టు మీద నిలబడితే అవతల చాకిరేవు కనిపించేది. బట్ట బండ మీద పడి మళ్ళీ పైకి లేచాక గాని ధబ్బుమన్న చప్పుడు ఇవతలికి వచ్చేది కాదు. అదే ఇది. 97 మీటర్లు దాటి రావడానికి శబ్దానికి 0.28 సెకను పడుతుంది.

కుర్రాడు ఆ టక్ తర్వాత కదిలాడు. తర్వాతి బంతికీ అంతే. అతని భుజం, నా చెవి ఒకేసారి.

చూపు సరిగ్గా లేని రెండేళ్ళలో అతను తెలియకుండానే ఇంకో దారి వెతుక్కున్నాడు. బ్యాట్ తగలడం కంటికి ఆనకపోతే చెవికి ఆనించుకున్నాడు. మంచి అవుట్‌ఫీల్డర్లందరూ శబ్దం వింటారు. గట్టిగా తగిలిందా, అంచుకు తగిలిందా అన్నది చప్పుడు చెప్తుంది. కానీ వాళ్ళకు కదలిక కంటితో మొదలై, శబ్దం దాన్ని సరిదిద్దుతుంది. కుర్రాడికి మొదలే శబ్దంతో. శబ్దానికి శరీరం స్పందించే వేగం చూపుకన్నా కాస్త ఎక్కువ కాబట్టి 0.28 మొత్తం నష్టం కాదు, 0.2 అనుకుందాం. మేజర్ లీగ్‌లో సగటు పరుగు సెకనుకు 27 అడుగులు. 0.2 సెకను ఆలస్యమంటే ఐదడుగులకు పైగా. డైవ్ చేసి పట్టే బంతికీ, ముందు పడి దొర్లే బంతికీ మధ్య దూరం అంతే.

కళ్ళు బాగుచేసి, వాటిని వాడటం మానేసిన మనిషికి తిరిగి ఇచ్చాను. ఇది నాకు తట్టకపోవడం తప్పే. ఒక కంటి చూపు మందగించిన (లేజీ ఐ) పిల్లలకు అద్దాలిచ్చి ఊరుకోం కదా, మంచి కన్ను మూసి బలహీనమైన కంటితో పని చేయిస్తాం. అదే సూత్రం. ఇక్కడ మూయవలసింది చెవి.

అవుట్‌ఫీల్డ్ కోచ్‌తో మాట్లాడాను. ఫోన్లు ఎక్కువయ్యాయన్నది ఈయనే. విని, నమ్మక, "రేపు చూద్దాం" అన్నాడు. మర్నాడు బ్యాటింగ్ ప్రాక్టీసులో కుర్రాడి చెవుల్లో నురుగు బిళ్ళలు, పైన వర్షం శబ్దం పెట్టిన హెడ్‌ఫోన్లు. మొదటి ఐదారు బంతులకు నిలబడిపోయాడు. ఒకటి తల మీదుగా పోయేదాకా అటు తిరగలేదు. కోచ్ నా వైపు చూసి టోపీ సర్దుకున్నాడు. అంతకన్నా మాట్లాడలేదు.

తర్వాతి ఐదు వారాలు డ్రిల్ ఆయనదే, నాది సలహా మాత్రమే. రోజుకు పావుగంట హెడ్‌ఫోన్లతో. పక్క ఫీల్డర్ "నాదీ" అని అరిస్తే వినపడదు, గుద్దుకుంటారు, కాబట్టి ఆ పావుగంట సెంటర్ ఫీల్డ్‌లో అతనొక్కడే. పిచర్ చెయ్యి వదిలేటప్పుడు చిన్న గంతు, బంతి బ్యాటర్ దగ్గరున్న ప్లేట్‌ను చేరేసరికి రెండు పాదాలూ నేల మీద. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ గ్లోవ్ ఎటు పెట్టాడో చూసి బంతి ఎటు రావచ్చో ముందే అనుకోవడం. బంతిని కాదు, బ్యాట్ దారిని చూడటం. మొదట పగలు, తర్వాత పొద్దు గుంకే వేళ. మొదటి వారం అంకెలు ఇంకా దిగజారాయి. కుర్రాడికి టెన్షన్, నాకు అంతకన్నా టెన్షన్. కోచ్ మాత్రం "పాతది మరిచిపోకుండా కొత్తది రాదు" అని డ్రిల్ ఆపలేదు. ఆగస్టు రెండో వారంలో కదలిక శబ్దం కన్నా ముందుకు వచ్చింది. నెలాఖరుకు వారమంతా సెంటర్ ఫీల్డే.

ఇప్పుడు మార్చుకున్నవి

ఆటగాళ్ళ పరీక్ష పొద్దున పెట్టను. ఆట ఏ వెలుతురులో జరుగుతుందో ఆ వెలుతురులోనే. ఫారంలో "మందులు" అన్న గడి కింద ఇంకో ప్రశ్న చేర్చాను: నిద్రకు, ఎలర్జీకి, నొప్పికి షాపులో కొనుక్కుని ఏమేం వేసుకుంటారు? ఆ ప్రశ్నకు వచ్చే జవాబులు ఆశ్చర్యంగా ఉంటాయి. "పగలా, రాత్రా" అని మనిషిని అడుగుతాను గాని, జవాబు అంకెల్లో వెతుకుతాను.

కష్టమైనది ఒకటుంది. చూపు ఎంతకాలంగా తగ్గిందో తెలిస్తే, ఆ కాలంలో ఈ మనిషి దేని మీద ఆనుకున్నాడని అడగాలి. ఈ మధ్య ఒక ట్రక్ డ్రైవర్ వచ్చాడు. శుక్లం ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది, అయినా రాత్రి లేన్ మారాలంటే భయమట. ముందు కారు వెనక లైట్లను పట్టుకుని నడపడం అలవాటైపోయింది. ఆయనతో లైట్ల గురించి మాట్లాడాను, కంటి గురించి కాదు.

తర్వాత

నవంబరులో అతన్ని 40 మంది జాబితాలో చేర్చలేదు. డిసెంబరులో ఎవరూ ఎత్తుకుపోలేదు. ఒక మంచి ఆగస్టు రెండేళ్ళ అంకెలను చెరపదు, జట్టు లెక్కలు జట్టువి. నేను ఒక నెల ముందే చెరువు గట్టు గుర్తు చేసుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. మరుసటి ఏడాది ట్రిపుల్-ఏకి పంపారు, నాలుగో అవుట్‌ఫీల్డర్‌గా. వారానికి మూడు నాలుగు ఆటలు, ఎక్కువగా సెంటర్‌లోనే.

వెళ్ళేముందు చివరి పరీక్షకు వచ్చాడు. ఫారం ఇచ్చాను. చాలాసేపు రాశాడు. చోటు చాలక కాగితం వెనక్కి తిప్పాడు. కళ్ళ చుక్కలు రెండు రకాలు, విటమిన్ గమ్మీలు, కాఫీ మూడు కప్పులు, మోకాలికి రాసే లేపనం, ప్రొటీన్ పొడి. ఆఖరి వరుసలో, బబుల్ గమ్, ఆటకు ఆరు.